కర్నూలు దగ్గర మల్టీగన్ షూటింగ్ ఎవరైనా నేర్పుతారా?

తుంగభద్ర_తమ్ముడు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా వీడియోలు చూసి చూసి ఇక ఉండబట్టక అడుగుతున్నా. రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడూ ఒకే పోటీలో వాడుతూ, పరుగెత్తుతూ కాలుస్తారే, ఆ మల్టీగన్ నేర్చుకోవాలని ఉంది. వయసు 27. బళ్లారి చౌరస్తా దగ్గర నాన్న హార్డ్‌వేర్ షాపు చూసుకుంటున్నా. ఆదివారాలు ఖాళీ. కర్నూలులో గానీ, పోనీ హైదరాబాదు, బెంగళూరులో గానీ మంచి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?

ఒకసారి మోసపోయాను కాబట్టే ఇంత వివరంగా అడుగుతున్నా. పోయిన నెల ఒక నగరం శివార్లలో 'కమాండో షూటింగ్ క్యాంపు' అంటే రెండు రోజులకు పన్నెండు వేలు కట్టి వెళ్లాను. నల్ల టీషర్టు ఇచ్చారు. కోచ్‌లు ఇద్దరు, మేం ముప్పై నాలుగు మందిమి. రెండు రోజులు కలిపి నాకు దక్కినవి ఇరవై పెల్లెట్లు (ఎయిర్ గన్ గుళ్లు). కళ్లద్దాలు నాలుగు జతలే, చెమటతోనే చేతులు మారేవి. నా ముందున్న అబ్బాయి గన్ పట్టుకునే వెనక్కి తిరిగి "సార్, ఇది పేలడం లేదు" అన్నాడు. గొట్టం సూటిగా నా పొట్ట వైపు ఉంది. నేను పక్కకు దూకితే కోచ్ నవ్వి "ఖాళీదేలే, భయపడకు" అన్నాడు. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

ఎండాకాలం (నంద్యాల)

సీమలో గన్ను పట్టడానికి కోచింగ్ సెంటరు కావాలా సామీ 😀

కోర్టు_మెట్లు (కడప)

వచ్చావా? సినిమాలు రొంత తగ్గించి చూడు నాయనా. ఇరవై ఏళ్లుగా కడప కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నా. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువ భాగం పొలం గట్ల కేసులు, చెక్ బౌన్సులు.

తమ్ముడూ, నువ్వు మాత్రం ముందు చట్టం సంగతి తెలుసుకో, లేకపోతే డబ్బు తగలేస్తావు. మన దగ్గర ఆయుధాల చట్టం 1959 నాటిది, ఇప్పుడు నడుస్తున్న రూల్స్ 2016వి. వీడియోల్లో వాళ్లు వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇక్కడ నిషేధిత ఆయుధాల్లోకి వస్తుంది. 9 ఎంఎం పిస్టల్ కూడా నిషేధిత బోరే (బోరు అంటే గొట్టం లోపలి కొలత). అంటే ఆ పోటీకి కావలసిన సామానులో సగం మామూలు లైసెన్సు మీద చేతికి రాదు. 2019 సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు తుపాకులే, అంతకు ముందు మూడు ఉండేవి. క్రీడాకారులకు వేరే మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి పోటీల్లో స్కోరు చేసి నిరూపించుకున్న వాళ్లకు.

లైసెన్సు కావాలంటే 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి. "నాకు సరదా" అని కలెక్టరేటులో అర్జీ పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఒక దారి మాత్రం తెరిచే ఉంది. 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కూ ఎయిర్ రైఫిల్‌కూ లైసెన్సు అక్కర్లేదు. బిల్లు మాత్రం జాగ్రత్తగా దాచుకో.

తుంగభద్ర_తమ్ముడు

అయ్యో. అంటే ఇండియాలో మల్టీగన్ అనేదే లేదా సార్?

సీమ_సిపాయి (అనంతపురం)

ఫౌజులో 24 ఏళ్లు చేసి రిటైరయ్యాను. జాతీయ రైఫిల్ సంఘం (ఎన్ఆర్ఏఐ) నడిపే పోటీల్లో నువ్వు చూసిన మల్టీగన్ లేదప్పా. ఒలింపిక్స్ పద్ధతి ఆటలు ఉన్నాయి. ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్, 25 మీటర్లు, 50 మీటర్లు, ఇంకా ట్రాప్, స్కీట్ (గాల్లోకి విసిరిన క్లే అనే మట్టి బిళ్లలను షాట్‌గన్‌తో కొట్టే ఆటలు). మూడు తుపాకులూ ఉన్నాయి, ఒకే మైదానంలో ఒకే పరుగులో లేవు, అంతే తేడా.

ఇంకొక మాట. "మాజీ కమాండో నేర్పుతాడు" అని బోర్డు చూస్తే మురిసిపోవద్దు. నేనూ మాజీనే. మాకు నేర్పింది వేరే పని. ఫైరింగ్ బట్ (కాల్పులు నేర్పే మైదానం) దగ్గర మా ఉస్తాదులు చెప్పిందాంట్లో నీకు పనికొచ్చేది ఒక్కటే: మాట వినకుండా గొట్టం తిప్పినవాణ్ని ఆ క్షణమే లైన్లోంచి బయటికి పంపేవారు. అర్ధరోజు ఎండలో నిలబెట్టేవారు కూడా, అది నీకు అక్కర్లేదులే. "ఖాళీదేలే" అన్న మనిషి నీకు దొరికాడు చూడు, వాడు ఏ రెజిమెంటులో చేసినా నాకు అనవసరం.

ప్రొద్దుటూరు_టు_డాలస్

తమ్ముడూ, మాది ప్రొద్దుటూరు, ఉండేది డాలస్ దగ్గర. గ్రీన్ కార్డు వచ్చాక ఈ ఆటలో పడ్డాను, ఇది ఐదో ఏడు. ఆటలో తోపును కాను, మధ్యలో ఎక్కడో ఉంటాను. వీడియోలో కనపడనివి కొన్ని చెప్తా.

మ్యాచ్ అంటే పొద్దున ఏడింటికి వెళ్లి మధ్యాహ్నం మూడు దాకా ఎండలో ఉండడం. అందులో నేను కాల్చేది అన్నీ కలిపినా పది నిమిషాలు రాదు. మిగతా టైమంతా పడిపోయిన ఇనప ప్లేట్లు లేపడం, అట్ట టార్గెట్ల చిల్లులకు టేపు అంటించడం, పక్కవాడు కాలుస్తుంటే చూడడం. పెళ్లిలో వడ్డన పనిలాంటిది. అందరూ చేయాలి, ఫొటోలో ఎవరూ ఉండరు.

నీ వంతు వచ్చాక "మేక్ రెడీ" అంటారు. అప్పటిదాకా తుపాకీలో తూటా వేయకూడదు. తర్వాత "ఆర్ యూ రెడీ", "స్టాండ్ బై", బీప్. నా రెండో మ్యాచ్ సంగతి చెప్తాను. బీప్ మోగింది, రైఫిల్‌తో దూరం ప్లేట్లు కొట్టాను, ఒక్కటీ తప్పలేదు. మంచి ఊపులో ఉన్నాను. రైఫిల్‌ని పీపాలో నిలబెట్టి, షాట్‌గన్ అందుకుని పరుగెత్తాను. గాల్లోకి లేచిన క్లే కూడా కొట్టాను. అంతా అయ్యాక రేంజ్ ఆఫీసర్ నన్ను పీపా దగ్గరికి తీసుకెళ్లి వేలితో చూపించాడు. రైఫిల్లో ఇంకా తూటాలున్నాయి, సేఫ్టీ మీట 'ఫైర్' వైపే ఉంది. వేశాననే అనుకున్నా, ఇప్పటికీ వేసినట్టే గుర్తు! ఆయన తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. "ఇవాళ్టికి నీ ఆట అయిపోయింది, సామాను సర్దుకో" అన్నాడు. ఆరు స్టేజీల మ్యాచ్, నాకు అది రెండోది. డిస్‌క్వాలిఫై అయితే డైరీ క్వీన్‌లో ఐస్‌క్రీం తినాలని అక్కడో జోకు, రెండూ డీక్యూలే కదా. వంద మైళ్లు నడుపుకుంటూ వచ్చి ఐస్‌క్రీం తిని ఇంటికి పోయా.

నీ పొట్టకేసి గొట్టం తిప్పిన అబ్బాయి అయితే ఐస్‌క్రీం కాదు, ఆ రేంజికి మళ్లీ రావడమే కష్టం అయ్యేది. నువ్వు నిలబడ్డ చోట అటూ ఇటూ ఒక అడ్డగీత ఉందనుకో. గొట్టం ఎప్పుడూ ఆ గీతకు ముందువైపు, మట్టికట్ట వైపే ఉండాలి. వెనక్కి దాటిందా, ఆట బంద్. నిండుదా ఖాళీదా అని ఎవరూ అడగరు.

కోర్టు_మెట్లు

డాలస్ అన్నా, ఇండియాకు వచ్చేటప్పుడు ఆ రేంజికి తీసుకెళ్లే బ్యాగు మాత్రం తేవద్దు. మూలన ఒక్క తూటా మిగిలి శంషాబాదులో స్కానర్‌కు చిక్కితే ఆయుధాల చట్టం కింద కేసు. "మర్చిపోయాను సార్" అని ఏడ్చినవాళ్లను చూశాను. పెళ్లికి వచ్చి కోర్టుల చుట్టూ తిరగాలి.

ప్రొద్దుటూరు_టు_డాలస్

నిజం సార్. మా ఆవిడ అందుకే నా బ్యాగుకు ఎర్ర రిబ్బన్ కట్టింది, ప్రయాణాలకు అది అటకెక్కుతుంది.

మిన్నెసోటా_మిరపకాయ

అన్నా, నేను ఎఫ్1 మీద ఎంఎస్ చేస్తున్నా. రూమ్మేట్‌కి తెలిసినాయన శనివారం రేంజికి రమ్మంటున్నాడు. వెళ్లొచ్చా?

ప్రొద్దుటూరు_టు_డాలస్

ఆగు ఆగు. ఎఫ్1, హెచ్1బీ రెండూ నాన్ ఇమిగ్రెంట్ వీసాలే. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవాళ్లు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం నేరం. "రేంజిలో అద్దెకు తీసుకుంటే ఏం కాదులే" అని రూమ్మేట్లు చెప్పే మాట నమ్మి ఇమిగ్రేషన్ ఫైలుకు మచ్చ తెచ్చుకోవద్దు. నేను గ్రీన్ కార్డు దాకా ఆగింది అందుకే. లాయర్‌ని అడిగి అప్పుడు వెళ్లు.

మిన్నెసోటా_మిరపకాయ

అమ్మో. క్రికెట్ ఆడుకుంటా అన్నా.

పది_మీటర్లు (అనంతపురం)

ఆలస్యంగా చూశాను. ఇక్కడ పిల్లలకు ఎయిర్ పిస్టల్ నేర్పుతుంటాను. ఎన్సీసీలో ఉన్నప్పుడు .22 రైఫిల్‌తో నేల మీద పడుకుని ఐదు గుళ్లు కాల్చాను, అప్పటి నుంచి పట్టుకుంది ఈ పిచ్చి.

బాబూ, నువ్వు అడిగే ప్రశ్ననే మార్చాలి. 'మల్టీగన్ ఎక్కడ నేర్పుతారు' అని కాకుండా 'కాల్చడం ఎవరు సరిగ్గా నేర్పుతారు' అని అడుగు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో నంబరు వలయం 11.5 మిల్లీమీటర్లు. నీ చొక్కా గుండీ చూసుకో, దాదాపు అంత. ఒంటి చేత్తో నిలబడి 75 నిమిషాల్లో 60 గుళ్లు దానిలో వేయాలి. ఇనప ప్లేటు కొట్టడం దీని ముందు ఎంత!

నా దగ్గర చేరినవాళ్లకు మొదటి మూడు వారాలు పెల్లెట్ ఇవ్వను. తెల్ల గోడ ముందు నిలబెడతాను. గోడ మీద చుక్క కూడా ఉండకూడదు. ఖాళీ పిస్టల్ ఎత్తాలి, ముందు సైటు (గొట్టం చివర గురి చూసే మొన) వెనక సైటు గాడిలో సరిగ్గా కుదరాలి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కాలి. 'టిక్' అన్నప్పుడు ముందు సైటు కదిలిందా లేదా అన్నది మాత్రమే చూడాలి. నల్ల వృత్తం ఎదురుగా ఉంటే కన్ను దాని మీదికి పరుగెత్తుతుంది, సైటు కదిలినా తెలియదు. గోడ అబద్ధం చెప్పదు. కొంతమంది తల్లిదండ్రులు వారం తిరగ్గానే "ఫీజు కట్టాం కదండీ, ఎప్పుడు కాలుస్తాడు?" అంటారు. రెండో వారంలో మానేసినవాళ్లూ ఉన్నారు. అది నాకు నష్టమే, ఏం చేస్తాం.

ఇంటి దగ్గర మొదలుపెడదామనుకుంటే జాగ్రత్త. మా స్టూడెంటు ఒకడు చెప్పకుండా మిద్దె మీద అట్టపెట్టె పెట్టి కాల్చాడు. పెల్లెట్ అట్టను దాటి పక్కింటి నీళ్ల ట్యాంకుకు చిల్లు పెట్టింది. సన్నటి ధార, పొద్దున చూస్తే ట్యాంకు సగం ఖాళీ. కొత్త ట్యాంకుకు వాళ్ల నాన్న డబ్బు కట్టాడు. ట్యాంకు కాబట్టి సరిపోయింది, అక్కడ ఆ ఇంటి ఆవిడ బట్టలు ఆరేస్తుంటుంది రోజూ. వెనక పూర్తి గోడ, దాని ముందు పెల్లెట్లను పట్టే ఇనప పెట్టె, మధ్యలో ఏ తలుపూ తెరుచుకోని చోటు. ఈ మూడూ లేకపోతే ఖాళీ పిస్టల్‌తో గోడ ముందే ఆగిపో. పెల్లెట్లు సీసంతో చేసినవి, కాల్చాక చేతులు కడుక్కోకుండా తిండి ముట్టుకోవద్దు.

ప్రొద్దుటూరు_టు_డాలస్

మేడమ్, మీ మీద గౌరవంతోనే ఒక మాట కాదంటాను. ఒంటి చేతి ఎయిర్ పిస్టల్ వల్ల ట్రిగ్గర్ బాగుపడుతుంది, సందేహం లేదు. కానీ మా ఆటలో సగం పని పిస్టల్ ఎగిరి మళ్లీ కిందికి దిగేదాకా రెండు చేతులూ ఎలా పట్టుకున్నాయన్నదే. ఎయిర్ పిస్టల్‌కు ఆ దెబ్బే ఉండదు. అలాగే షాట్‌గన్ నింపడం. నడుముకు కట్టుకున్న తూటాలు నాలుగు ఒకేసారి పట్టి, రెండు రెండుగా ట్యూబులోకి తోయాలి, అదీ పరుగెత్తుతూ. నేను డమ్మీ తూటాలతో టీవీ ముందు కూర్చుని ఏడాది చేశాను, గోళ్లు విరిగాయి. ఇంకా రైఫిల్ తీసుకోండి. దాని మీద ఆప్టిక్ (గురి చూసే అద్దం) గొట్టానికి రెండున్నర అంగుళాల పైన ఉంటుంది. దగ్గరి టార్గెట్‌కు గుండు అంత కిందికి తగులుతుంది. కంటికి దారి బాగానే కనిపించి, గొట్టం ముందున్న చెక్క అడ్డానికి చిల్లు పెట్టాను ఒకసారి. ఇవన్నీ గోడ నేర్పదు.

పది_మీటర్లు

నేర్పదు, ఒప్పుకుంటా. అయితే మీ సేఫ్టీ మీట సంగతి గోడ ముందు మూడు వారాలు నిలబడితే గుర్తుండేదేమో 🙂

ప్రొద్దుటూరు_టు_డాలస్

దెబ్బ కొట్టారు మేడమ్ 🙏

సీమ_సిపాయి

టైముతో పోటీ పడాలని ఉబలాటం ఉంటే 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ ఉంది కదప్పా. ఎదురుగా ఐదు టార్గెట్లు, ఒక్కోదానికి ఒక్కో గుండు. మొదట 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4. నాలుగు సెకన్లలో ఐదు, అదీ ఒంటి చేత్తో. 2012 లండన్‌లో మన సుబేదార్ విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది ఇందులోనే. అదే ఒలింపిక్స్‌లో హైదరాబాదు వాసి గగన్ నారంగ్‌కు పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం. షాట్‌గన్ మోజు ఉంటే ట్రాప్ ఉంది. ఒక్కొక్కటీ విడివిడిగా నేర్చుకో, ఎప్పుడైనా నీకు బయటి దేశంలో మల్టీగన్ ఆడే అవకాశం వస్తే కొత్తగా నేర్చుకోవలసింది పరుగు ఒక్కటే.

తుంగభద్ర_తమ్ముడు

అర్థమైంది. మరి మంచి కోచ్ అని ఎలా పట్టుకోవాలి? అందరి గోడల మీదా పతకాల ఫొటోలే ఉంటాయి కదా.

ప్రొద్దుటూరు_టు_డాలస్

ఇక్కడ మాకు ఒక సుఖం ఉంది. యూఎస్‌పీఎస్‌ఏ అని సంఘం, ఆటగాళ్లకు డీ నుంచి గ్రాండ్ మాస్టర్ దాకా క్లాసులు ఇస్తుంది. మేటి స్కోరుతో పోలిస్తే 95 శాతం పైన ఉంటే గ్రాండ్ మాస్టర్. ఎవడు ఎంత అన్నది దాచడానికి ఉండదు. అయినా నేను డబ్బు కట్టిన మొదటి క్లాసు ఒక గ్రాండ్ మాస్టర్‌దే, ఏమీ రాలేదు. రెండు రోజులు ఆయన కాల్చడం మేం చూడడం! ఎనిమిది వందల తూటాలు నావి ఖర్చయ్యాయి, చెయ్యి నొప్పి మిగిలింది. రెండోసారి వెళ్లినాయన ఆటలో అంతకన్నా తక్కువ, కానీ క్లాసు మొదలుపెట్టడమే "ఎవరికైనా గుండు తగిలితే కట్టు ఎవరు కడతారు, కారు ఎవరు నడుపుతారు, ఆసుపత్రి ఎటు" అని పేర్లు రాయించాడు. ఆరుగురికి ఒక కోచ్. నా వెనక నిలబడి, గుండు ఎటు పోయిందో టార్గెట్ చూడకుండానే చెప్పేవాడు, ఎందుకంటే ఆయన చూసేది నా వేలిని.

పది_మీటర్లు

అదీ మాట. టార్గెట్ చూసే కోచ్ స్కోరు చెప్తాడు. స్కోరు నీకూ కనిపిస్తుంది, దానికి ఫీజెందుకు?

నువ్వు ఎక్కడికి వెళ్లినా చేరే ముందు ఒక గంట ఊరికే కూర్చుని చూస్తానని అడుగు. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయ్. కూర్చున్నప్పుడు పిల్లలు కాల్చేటప్పుడు కాదు, కాల్చడం ఆపినప్పుడు చూడు. పిస్టల్ కింద పెట్టారా, గొట్టం ఖాళీ అని చూపడానికి అందులో రంగు దారం లాంటి సేఫ్టీ ఫ్లాగ్ వేశారా, ఎవరైనా ఫోన్ మోగిందని పిస్టల్ చేతిలోనే ఉంచి తిరుగుతున్నారా. రాష్ట్ర సంఘం పోటీలకు పిల్లలను పంపుతారా అని కూడా కనుక్కో. అక్కడి నుంచే మావలంకర్ పోటీలు, తర్వాత నేషనల్స్. ఆ మెట్లు తెలియని చోట చేరితే ఏళ్ల తరబడి అట్టలు చింపుతూ ఉంటావు.

పిస్టల్ కొనడానికి తొందరపడకు. మంచి మ్యాచ్ పిస్టల్ లక్ష దాటుతుంది. ముందు వాళ్ల దగ్గరిదే వాడు.

ఎండాకాలం (నంద్యాల)

జోకేశాను గానీ, నాకూ ఆసక్తిగా ఉంది. మా పాప ఎనిమిదో తరగతి. బయటికి ఎక్కడికైనా వెళ్లాలంటే తోడు కావాలి.

తుంగభద్ర_తమ్ముడు

ఆదివారం బస్సెక్కి హైదరాబాదు వెళ్లొచ్చా. రెండు చోట్లు చూశాను, పేర్లు రాయను. మొదటి చోట "కూర్చుని చూడడాలు ఉండవు, డెమోకు వెయ్యి రూపాయలు" అన్నారు. లేచి వచ్చేశా. రెండో చోట ఒక పెద్దాయన కుర్చీ చూపించి, టీ ఇచ్చి, గంటన్నర నాతో మాట్లాడనే లేదు. పద్నాలుగేళ్ల అమ్మాయి వరసగా పదులు వేస్తోంది. మధ్యలో ఆమె పిస్టల్‌తోనే కొంచెం పక్కకు తిరిగి స్నేహితురాలితో ఏదో అంది. గొట్టం నేల వైపే ఉంది, అయినా ఆయన "కింద పెట్టు" అన్నాడు, అంతే. ఆ అమ్మాయి పిస్టల్ పెట్టేసి, ఫ్లాగ్ వేసి, వెళ్లి బెంచీ మీద కూర్చుంది. అరగంట. మళ్లీ ఆయనే పిలిచాడు.

అక్కడే చేరాను. నెలకు రెండు ఆదివారాలు. మిగతా రోజులకు పాత ఎయిర్ పిస్టల్ ఒకటి అద్దెకు ఇచ్చారు, పెల్లెట్లు ఇవ్వలేదు. మీరు చెప్పినట్టే గోడ, మేడమ్!

ఎండాకాలం (నంద్యాల)

వచ్చేసారి వెళ్లేటప్పుడు చెప్పు తమ్ముడూ. మా పాపా నేనూ వస్తాం. కారు నాది.

తుంగభద్ర_తమ్ముడు

అప్‌డేట్. పదిహేను రోజులైంది. షాపు వెనక గోడౌన్‌లో పెయింటు డబ్బాలు జరిపి ఒక గోడకు సున్నం కొట్టించా. రోజూ షట్టరు వేశాక నలభై నిమిషాలు. మొదటి రోజు 'టిక్' అనగానే సైటు ఎడమకు గెంతింది, ఇప్పుడు పదిలో నాలుగుసార్లు నిలబడుతోంది. నాన్న రెండు రోజులు తొంగిచూసి, మూడో రోజు "ఆ గోడ నీకేం అన్యాయం చేసిందిరా" అన్నాడు. ఫొటో పెడుతున్నా, నిలబడడం సరిగ్గా ఉందా చెప్పండి.

పది_మీటర్లు

కాళ్లు బాగానే ఉన్నాయి. మెడ కొంచెం ముందుకు వంచుతున్నావు, పిస్టల్‌నే కంటి ఎత్తుకు తీసుకురా. కానీ ఫొటోలో పిస్టల్ ఇంకా నేల వైపే ఉంది, నీ వేలు మాత్రం అప్పుడే ట్రిగ్గర్ మీదికి వచ్చేసింది.

తుంగభద్ర_తమ్ముడు

చూసుకోలేదు మేడమ్. డిలీట్ చేసి, మళ్లీ తీసి పెడతా.